కొండల పేర్లు చెప్పిందెవరు?



మన కోనసీమలో కొండ లేదు. అమలాపురంలో పుట్టి, రాజోలులో కాపరం చేసి, కొత్తపేటలో కూతుర్నిచ్చిన ఇల్లాలు నిండు జీవితం గడిపి కూడా ఒక్క రాతిగుట్టయినా ఎక్కకుండా ఉండిపోవచ్చు. పిల్లలకు కొండ ఎలా ఉంటుందో చూపించాలంటే మనకు దొరికేది ఏటి ఇసుకమేట, కాకపోతే దొడ్లో కొబ్బరిడొక్కల పోగు. అలాంటి చోట కూర్చుని కొండల గురించీ, అక్కడి చెట్టూ పిట్టా పామూ పురుగూ గురించీ, వాటిని వెతుక్కుంటూ పోయిన చదువరుల గురించీ చెబుతానంటే, "ఈవిడకి ఇంకే విషయమూ దొరకలేదా" అని మీరనుకున్నా నేనేమీ అనుకోను.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఏటా శ్రావణ భాద్రపదాలు వచ్చేసరికి గౌతమి, వసిష్ఠ, వైనతేయ మూడూ ఎర్రబడతాయి కదా! ఆ ఎరుపు ఎక్కడిది? పాపికొండలది, శబరి దిగివచ్చే అడవులది, ఇంద్రావతి చుట్టి వచ్చే కొండలది, ఆ పైన దక్కను పీఠభూమిది. మన వరిచేలు, అరటితోటలు, కొబ్బరి మొదళ్ళు నిలబడ్డ నేలంతా గోదావరి వేల ఏళ్ళుగా మోసుకొచ్చి దింపిన మట్టే. కొండ మన ఊరు రాలేదని ఎలా అంటాం? పొడిపొడిగా వచ్చింది, అంతే.

మట్టి ఒక్కటే కాదు. పందిళ్ళకు వెదుళ్ళు, పులుసుకు చింతపండు, తలంట్లకు కుంకుళ్ళు, విస్తళ్ళకు అడ్డాకు, ఇల్లు ఊడ్చుకోడానికి కొండచీపురు, ఇవన్నీ కొండమీద నుంచి దిగినవే. మా చిన్నతనంలో వరద నీళ్ళు కుండకు ఎత్తాక లోపలి అంచున చిల్లగింజ అరగదీసి వదిలేవారు. తెల్లవారేసరికి మట్టి అడుక్కి దిగి, పైన నీరు తేటగా ఉండేది. ఇండుపగింజ అన్నా అదే. ఆ చెట్టుకు 1780ల మొదట్లో స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు, పెద్ద లిన్నేయస్‌గారి కుమారుడు, స్ట్రిక్నాస్ పొటాటోరమ్ అని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో ఆ రెండో మాటకు "తాగేవాళ్ళది" అని అర్థం. ఎక్కడో స్వీడన్‌లో కూర్చున్న మనిషికి, ఆ గింజ మంచినీళ్ళ కుండలో పడుతుందని ఎలా తెలిసింది? మన దేశపు వంటిళ్ళ నుంచే ఆ కబురు పోయి ఉండాలి. ఆ కబురు చెప్పిన ఇల్లాలి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

రేడియోలో నాకిచ్చిన వేళ తక్కువ గనక అప్పుడు టూకీగా చెప్పి సరిపెట్టాను. ఇక్కడ అచ్చులో కాస్త తీరిగ్గా చెబుతాను. మన కొండల గురించి మనకు తెలిసినదంతా ఎవరు తెలుసుకున్నారు, ఎవరిని అడిగి తెలుసుకున్నారు అన్నది నేను ఎత్తుకున్న విషయం. దానికి ఇవాళ మన ఇళ్ళలో కారణం ఉంది. డిగ్రీ, పీజీ చదివే ఆడపిల్లలు "అమ్మా, ప్రాజెక్టు పనిమీద మారేడుమిల్లి వెళ్ళాలి, పాపికొండలు వెళ్ళాలి, నాలుగు రోజులు ఉండాలి" అని అడుగుతున్నారు. మనం వెంటనే "వద్దు" అంటున్నాం. వద్దనడంలో న్యాయం లేదని నేను అనను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన రోజు ఏ తల్లీ మరిచిపోలేదు. మన్యంలో మలేరియా సంగతి మన తాతల కాలం నుంచీ వింటున్నదే. కానీ ఆ "వద్దు" అనేముందు, వెళ్ళినవాళ్ళు ఏం తెచ్చారో కూడా తెలుసుకుంటే బాగుంటుంది కదండీ.

కథ మనకు దగ్గర్లోనే మొదలవుతుంది. గౌతమి దాటి కాకినాడ వైపు వెళితే సామర్లకోట. 1780లలో అక్కడ విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండేవాడు. వైద్యం ఆయన ఉద్యోగం, మొక్కలు ఆయన పిచ్చి. సామర్లకోటలో తోట వేశాడు. ఉత్తరాన ఉన్న కొండల్లో మిరియపు తీగ అడవిగా పెరగడం చూసి దాన్ని తెచ్చి నాటించాడు. మొదట్లో పోగుచేసిన మొక్కలు, పుస్తకాలు, కాగితాలు యానాం దగ్గరి ఇంజరంలో ఉప్పెన నీటి పాలయ్యాయి. 1996 నవంబరు 6 రాత్రి మన ఇళ్ళలో చీరల పెట్టెలు, పిల్లల సర్టిఫికెట్లు ఏమయ్యాయో తెలిసిన మనకు ఆయన బాధ వేరే వర్ణించి చెప్పనక్కర్లేదు. ఆయన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోటకు పెద్దగా వెళ్ళాడు. 1795 నుంచి "కోరమాండల్ తీరపు మొక్కలు" అన్న పుస్తకం లండన్‌లో మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వెలువడింది.

ఆ పుస్తకంలో నాకు నచ్చిన విషయం బొమ్మలు కావు. ప్రతి మొక్క దగ్గరా వీలున్నంతవరకు తెలుగు పేరు రాసుకున్నాడాయన. మన కొండల్లో సోమిద మాను ఉంది, దాని బెరడు వేపకంటే చేదు. జ్వరానికి ఆ బెరడు వాడతారని తెలుసుకుని, దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడుకు బదులు పనికొస్తుందేమోనని పరీక్షలు చేశాడు. తరువాత 1830లో ఫ్రాన్స్ దేశపు శాస్త్రజ్ఞుడు ఆ చెట్టును వేరే ప్రజాతిగా గుర్తించినప్పుడు దానికి సోయ్మిడా అనే పేరే ఖాయం చేశాడు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశపు విద్యార్థి ఆ చెట్టు గురించి రాసినా మన సోమిదనే పలకాలి. బొమ్మలు వేసింది మాత్రం మన దేశపు చిత్రకారులు. వాళ్ళ పేర్లు బొమ్మల కింద అచ్చువేయలేదు.

ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అని ఇంకో డాక్టరు ఉండేవాడు. ఆయనకు పాములమీద గురి. పాము కాటుతో చచ్చేవాళ్ళను చూసి, ఏది విషపు పాము, ఏది కాదు అన్నది తేల్చాలనుకున్నాడు. మంచి ఆలోచన. కానీ పాములు పట్టుకొచ్చేదెవరు? మనవాళ్ళే. పట్టుకొచ్చినప్పుడల్లా దాని పేరేమిటని అడిగి, విన్నది విన్నట్టు రాసుకున్నాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో మన రక్తపింజరి "కాటుకరేకుల పొడ" అనే పేరుతో ఉంది. ఎంత అందమైన పేరో చూడండి! ఒంటిమీద కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలు. కరిస్తే ప్రాణం పోతుందని తెలిసి కూడా ఆ అందం చూసి పేరు పెట్టినవాడెవడో గాని, వాడు కవే. ఇంగ్లీషువాళ్ళు ఆ పామును రస్సెల్ పాము అంటారు. ఆయన పుస్తకంలోనే పసుపు, నలుపు పట్టీలున్న కట్లపాము ఒకటుంది. పట్టిచ్చినవాళ్ళు దాన్ని "బంగారు పాము" అన్నారు. 1803లో ఫ్రాన్స్‌లో ఒక శాస్త్రజ్ఞుడు ఆ మాటను పట్టుకుని కట్లపాముల ప్రజాతి మొత్తానికి బుంగారస్ అని నామకరణం చేశాడు. చైనాలో కట్లపామైనా, జావాలో కట్లపామైనా శాస్త్రంలో దాని ఇంటిపేరు మన తెలుగు బంగారమే.

పేర్లు అచ్చయిన సందర్భం ఒకటుంది, అదీ చెప్పాలి. రాబర్ట్ వైట్ అనే మరో స్కాట్లండ్ డాక్టరు 1820ల నుంచి మద్రాసు రాష్ట్రంలో మొక్కల పని చేశాడు. ఆయన దగ్గర రంగయ్య, ఆయన తరువాత గోవిందు బొమ్మలు వేశారు. వైట్‌దొర ఆ బొమ్మల కింద వాళ్ళ పేర్లు వేయించాడు. అంతేకాదు, 1853లో ఒక సీతజడ మొక్కకు, అంటే ఆర్కిడ్‌కు, గోవిందూయా అని పేరు పెట్టాడు. తరువాతివాళ్ళు ఆ మొక్కను వేరే ప్రజాతిలో కలిపేశారనుకోండి, అది శాస్త్రంలో మామూలే. పని చేయించుకున్న మనిషి పేరు రాయడం దొరలకు చేతకాక కాదని, చెయ్యాలనుకుంటే చెయ్యవచ్చనీ మనకు తెలిసింది కదా, అది చాలు.

ఇక ఇరవయ్యో శతాబ్దంలోకి వద్దాం. గాంబుల్ మద్రాసు రాష్ట్రపు మొక్కల పుస్తకం 1915లో మొదలై ఆయన పోయిన తరువాత 1936లో పూర్తయింది. 1929-30లో వెర్నే అనే ధనవంతుడి ఖర్చుతో తూర్పు కనుమల పక్షుల మీద సర్వే జరిగింది. హైదరాబాదు సంస్థానంలో 1931-32లో సలీం ఆలీ పక్షుల సర్వే చేశారు. నల్లమల అడవుల్లో కూడా మకాం వేశారు. ఆయన భార్య తెహమీనా ఆ మకాముల్లో తోడున్నారు. గుడారంలో సంసారం నడపడమంటే మాటలు కాదు. పుస్తకాల్లో ఆమెకు దొరికిన చోటు మాత్రం చాలా తక్కువ.

పాపికొండలకు కూడా ఇలాగే ఒక జంట వచ్చింది. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచయుద్ధం రావడంతో శత్రుదేశపు పౌరుడిగా లెక్కకొచ్చి హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయాడు. ఆ ఉండిపోవడమే ఆయనకూ మనకూ కలిసొచ్చింది. భార్య బెట్టీతో కలిసి చెంచుల మధ్య, తరువాత గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య గడిపాడు. 1945లో అచ్చయిన ఆయన పుస్తకం పేరులో పాపికొండలను "బైసన్ కొండలు" అన్నాడు, అంటే అడవిదున్నల కొండలు. అక్కడ జంతువు పేరు మీద కొండ ఉందన్నమాట. మనవాళ్ళు మాత్రం గోదావరి రెండు కొండల మధ్య తీసిన పాపిడిలా ఉందని పాపికొండలు అయిందంటారు. ఈ రెండో పేరు ఎవరో తల దువ్వుకునేవాళ్ళే పెట్టి ఉంటారని నా నమ్మకం.

హైమెన్‌డార్ఫ్ మనుషుల గురించి రాశాడు, జంతువుల గురించి కాదు, ఆయన్ని ఈ వరుసలో ఎందుకు కలుపుతావని విజ్ఞులు అడగవచ్చు. కొండ మీద ఆ రెంటినీ విడదీయడం కుదరదు. పోడు కొట్టే వేళ, జీలుగు కల్లు దిగే వేళ, దుంపలు తవ్వే వేళ, ఇవే కొండరెడ్ల పంచాంగం. జీలుగు అంటే తెలుసు కదా, ఈత, తాడిలా గీసే చెట్టే, మొవ్వులో పిండి ఉంటుంది. తిండి చాలని నెలల్లో ఆ కల్లూ ఆ పిండే కడుపు నింపుతాయి. మనకు కొబ్బరి ఎంతో వాళ్ళకు జీలుగు అంత. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుంది, ఏ జంతువు ఏ కాయ కోసం ఎటు దిగుతుంది అన్నది తెలియకుండా అక్కడ ఒక్క ఏడాది గడవదు. విశ్వవిద్యాలయంలో దీన్నే పర్యావరణశాస్త్రం అంటారు.

ఇప్పుడు అసలు కథ చెబుతాను. ఇది మన గోదావరి కొండల్లో జరిగింది కాదు, తూర్పు కనుమల్లోనే, దక్షిణాన కడప జిల్లాలో జరిగింది. కానీ ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

జెర్డన్ అనే డాక్టరు నెల్లూరులో పనిచేసే రోజుల్లో ఆ ప్రాంతపు పక్షులన్నీ పరిశీలించేవాడు. పొడుగు కాళ్ళతో, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలతో, గువ్వకంటే కొంచెం పొడుగ్గా ఉన్న ఒక పిట్ట ఆయనకు దొరికింది. 1848లో శాస్త్రలోకానికి ఆ సంగతి తెలిసింది. ఎగరడంకంటే నేలమీద పరుగెత్తడం దానికి ఇష్టం. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించింది. అంతే, మాయమైంది. వెర్నే సర్వేవాళ్ళకూ దొరకలేదు. ఇంకెవరికీ దొరకలేదు. అంతరించిపోయింది కాబోలనుకున్నారు.

1985లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంలో పనిచేసే యువ పరిశోధకుడు భరత్ భూషణ్ ఆ పిట్టను వెతకడానికి బయలుదేరాడు. దుర్భిణీ పట్టుకుని తిరగడంతో సరిపెట్టుకోలేదు. ఊరూరా పిట్ట బొమ్మ చూపించి, పిట్టలు పట్టే వాళ్ళను కూర్చోబెట్టి అడిగాడు. వాళ్ళలో కొందరు "ఇది కలివికోడి కదూ" అన్నారు. కలివి పొదల మధ్య తిరిగే కోడి. 86 ఏళ్ళుగా శాస్త్రజ్ఞులెవరూ చూడని పక్షికి ఆ పల్లెల్లో ఇంటి పేరు ఉంది! 1986 జనవరిలో లంకమల కొండల కింద, రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న అనే ఆయన రాత్రివేళ బ్యాటరీ లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. రహస్యం అక్కడుంది. కలివికోడి రాత్రి తిరిగే పిట్ట. దొరలు, శాస్త్రజ్ఞులు పగలు వెతికారు. రాత్రి అడవిలో తిరగవలసిన అవసరం ఐతన్నలాంటివాళ్ళకే ఉండేది.

ఆ పిట్ట బతకలేదు. అప్పటికి 89 ఏళ్ళ సలీం ఆలీగారికి ఈ కబురు ఎంత సంతోషం ఇచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆయన మరుసటి ఏడాది, 1987లో కన్నుమూశారు. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పిట్ట మీద వచ్చిన రాతల్లో ఐతన్న పేరు కూడా చోటు చేసుకుంది. సోమిద పేరు చెప్పినవాళ్ళకూ, బంగారు పాము పట్టిచ్చినవాళ్ళకూ దక్కనిది ఆయనకు దక్కింది. దీనికి రెండు వందల ఏళ్ళు పట్టింది.

దొరికిన పిట్టను పట్టకుండా, బెదరగొట్టకుండా చదవడం ఎలా? ఈ పని తరువాత జగన్నాథన్ అనే పరిశోధక విద్యార్థి చేశాడు. ఆయన పద్ధతి వింటే మీకు నవ్వొస్తుంది, ఎందుకంటే అది మనం రోజూ చేసేదే. అడవిలో అక్కడక్కడ నేల చదును చేసి, మెత్తటి మట్టి పరిచి వదిలేసేవారు. పొద్దున్నే వెళ్ళి ఏ పాదాలు పడ్డాయో చూసేవారు. కళ్ళాపి చల్లి అలికిన వాకిట్లో తెల్లవారి కాకి అడుగు ఏది, పిల్లి అడుగు ఏది, పక్కింటి కోడిపుంజు ఎన్నిసార్లు వచ్చిపోయింది మనం చెప్పమూ? సరిగ్గా అదే! దానికి తోడు దానంతట అదే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు, రాత్రి దాని కూత రికార్డు వేసి జవాబు వస్తుందేమో విన్నారు. అలా పొదలు మరీ దట్టంగా ఉన్నా ఈ పిట్ట ఉండదనీ, మరీ బోడిగా ఉన్నా ఉండదనీ, మేకలు మేసి వదిలినట్టుండే పలచటి పొదలడవి కావాలనీ తేలింది.

ఈ వివరం ఏం చేసుకుంటాం అనకండి. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, 2005 తరువాత, కాలువ దారి మార్చవలసి వచ్చింది. పిట్ట ఏ పొదలో ఉంటుందో కొలిచి, లెక్కగట్టి, పటం గీసిన కాగితాలు లేకపోతే, ఎవరి మాట ఎవరు వింటారు? ఊళ్ళోవాళ్ళకు పిట్ట తెలుసు కాని వాళ్ళ చేతిలో కాగితం లేదు. శాస్త్రజ్ఞుల దగ్గర కాగితం ఉంది కాని 86 ఏళ్ళపాటు పిట్ట లేదు. ఇద్దరూ కలిసినప్పుడే కాలువ పక్కకు జరిగింది.

ఇంకో ముచ్చట కూడా చెప్పి ముందుకు వెళతాను. ఈ పిట్ట గుడ్డు ఎలా ఉంటుందో చాలాకాలం ఎవరికీ తెలియదు. 2013లో స్కాట్లండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలో ఒకటి బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన పశువైద్యుడు సేకరించినదట. పగలకుండా సముద్రం దాటి, దాదాపు వందేళ్ళు పెట్టెలో కూర్చుంది. మన ఇళ్ళలో వారం రోజులు గుడ్లు చితక్కుండా దాచలేం!

ఇదే రోజుల్లో, అంటే 1980లలోనే, తిరుపతి వైపు కొండల్లో బంగారు బల్లి మళ్ళీ దొరికింది. 1870లో బెడ్డోమ్ దొర రాసినదే అది. దొరికించుకున్నవాళ్ళలోనూ భరత్ భూషణ్ ఉన్నాడు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య టి. పుల్లయ్యగారు, ఆయన శిష్యులు కలిసి ఊరూ వాడా తిరిగి మొక్కలు ఏరారు. ఆంధ్రప్రదేశ్ మొక్కల పుస్తకం 1997లో అచ్చులోకి వచ్చింది. గాంబుల్ తరువాత అంత పని తెలుగు విద్యార్థుల కాళ్ళతో జరిగింది.

మరి మన పాపికొండలు? 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. పులి, అడవిదున్న, నాలుగు కొమ్ముల జింక, రాచనాగు, మోతుబరి రైతు తలపాగాలాంటి తోకతో చెట్టు మీద నుంచి చెట్టు మీదికి దూకే కొండ ఉడుత, అన్నీ ఉన్నాయి. చెయ్యవలసిన పని కొండంత ఉంది. ఎక్కడి విద్యార్థులో వచ్చి చేసిపోతుంటే, ఆ కొండ మట్టి మీద పంట తినే మన పిల్లలు లాంచీలో సెల్ఫీలు దిగి వచ్చేస్తున్నారు.

నేను ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఒకసారి అమ్మాయిల్ని వెంటబెట్టుకుని ఒక కొండరెడ్ల ఊరు వెళ్ళాం. అమ్మాయిలు కోసిన కొమ్మలు కాగితాల మధ్య పరిచి పలకలు బిగిస్తున్నారు. ఒక ముసలమ్మ చుట్ట కాలుస్తూ చాలాసేపు చూసింది. "ఇవి ఎండబెట్టి ఏం చేత్తారు? కూరొండుకుంటారా?" అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. తరువాత ఆమె ఒక తీగ చేతికి తీసుకుని, "ఇందులో రెండు రకాలున్నయ్. పైన చూత్తే ఒకటే. దుంప తవ్వి చూడాలి. ఒకటి ఉడకబెట్టుకు తింటాం. ఒకటి చక్రాలు కోసి, ఏట్లో మూడు రోజులు పారే నీళ్ళల్లో పెట్టి తినాలి, లేకపోతే మనిషి పోతాడు" అంది. నవ్వినవాళ్ళు గబగబా నోటు పుస్తకాలు తీశారు. నాకు ఆ గబగబా ఇప్పటికీ గుర్తే. నా ముప్ఫయ్యేళ్ళ పాఠాల్లో ఏ పాఠానికీ పిల్లలు అంత తొందరగా పుస్తకం తెరవలేదు.

ఈ పని వాయిదా వేయడానికి లేదు, ఎందుకో చెబుతాను. పోలవరం పనులు సాగి, నదికి అడ్డం కట్టాక వరద వెనక్కి తన్ని దేవీపట్నం వైపు ఊళ్ళు మునిగాయి. జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. ప్రాజెక్టు మంచీ చెడూ తేల్చడానికి నేను తగను. మన కాలవలకూ నీళ్ళు కావాలి, ఆ మాట దాచి మాట్లాడటం నిజాయితీ కాదు. కానీ ఆ ముసలమ్మలాంటి ఆవిడ మైదానంలో వరసగా కట్టిన ఇళ్ళల్లో కూర్చుంటే, ఏ దుంపను ఏట్లో నానబెట్టాలో మనవరాలికి ఎలా చూపిస్తుంది? చూపించడానికి తీగ పక్కనుండాలి, ఏరు పక్కనుండాలి. అడగవలసినవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.

అందుకని మీ అమ్మాయి ప్రాజెక్టు అంటే ముందు నాలుగు ప్రశ్నలు వెయ్యండి. అటవీశాఖవారి అనుమతి కాగితం ఉందా? జాతీయ పార్కులో అది లేకుండా ఆకు కూడా తుంచకూడదు. వెంట టీచరమ్మ ఎవరు, రాత్రి మకాం ఎక్కడ, లాంచీలో అందరికీ రక్షణ జాకెట్లు ఉంటాయా? దోమతెర పెట్టుకుందా? వీటికి సరైన జవాబులొస్తే పంపించండి. వర్షాలు తగ్గి కార్తీకం వెళ్ళాక, ఎండలు ముదరకముందు మంచి కాలం. ఉతికితే తెల్లబడే బట్టలు వద్దు, ఆకుపచ్చో మట్టిరంగో ఇవ్వండి. గజ్జెల పట్టీలు తీసి ఇంట్లో పెట్టమనండి, పిట్టలు పారిపోతాయి.

ఎండబెట్టిన మొక్కను అట్ట మీద అంటించి పక్కన చిన్న చీటీ రాస్తారు. తేదీ, ఊరు, ఎంత ఎత్తులో దొరికింది, పువ్వు రంగు, కోసినవారి పేరు ఉంటాయి. స్థానిక నామం అని ఒక గీత కూడా ఉంటుంది. చాలా చీటీల్లో ఆ గీత ఖాళీగానే ఉంటుంది. ఒకవేళ నింపినా, చెప్పిందెవరన్న దానికి అసలు గీతే ఉండదు. ఆ గీత కూడా గీసుకుని, ఒప్పుకుంటేనే ఆ పేరు రాసుకురమ్మని మీ అమ్మాయికి చెప్పండి. తిరిగొచ్చాక ఆ అట్టలు అటకమీద పడెయ్యకుండా కాలేజీలో ఇప్పించండి, చెదలు పట్టకుండా వేపాకు, కర్పూరం వేస్తుండాలి.

అన్నట్టు, మొక్కలు ఆరబెట్టడానికి పాత కాగితాలు బోలెడు కావాలి. నున్నటి కాగితం తడి పీల్చదు, గరుకుదే మంచిది, రోజూ మారుస్తూ ఉండాలి. ఈ పత్రిక చదవడం అయ్యాక పచారీకొట్టుకు తూకానికి వెయ్యకండి, ఒక కట్టగా కట్టి అమ్మాయి సంచిలో పెట్టండి.